మన పొరుగున ఉన్న అడవి

(పాఠశాల వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

 

గడచిన విహారయాత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు మమ్ములను కోరిరి. ఇట్టి సందర్భములలో ఎక్కడికి పోయితిమి, ఏమేమి చూచితిమి, ఎంత ఆనందించితిమి అని చెప్పి ముగించుట వాడుక. మేమును అట్లే వ్రాయుటకు కూర్చుంటిమి. కాని ఆ యాత్రలో ఒక బాలుడు పలికిన మాట అడ్డము వచ్చి కలము ముందునకు సాగలేదు. నేడు ఆ మాటను గూర్చియే మీతో ముచ్చటింపవలెనని వచ్చితిమి.

మేము పోయినది బన్నేరుఘట్ట. అది మనకు ఉత్తరమున, కర్ణాటక రాష్ట్రమున, ఎంతో దూరము కాని చోట ఉన్నది. 1974లో జాతీయోద్యానమైన అడవి అది. అందొక భాగమున జంతుప్రదర్శనశాలయు, సఫారీయు కలవు. కిటికీలకు ఇనుపవల బిగించిన బండిలో పిల్లలను కూర్చుండబెట్టి సింహములను, పులులను, ఎలుగుబంట్లను చూపిరి. పిల్లల సంతోషమునకు మేర లేదు. ఏనుగులు కనబడగానే అందరును లేచి చప్పట్లు కొట్టిరి. ఒక్క బాలుడు మాత్రము చేతులు కట్టుకొని కూర్చుండెను. “భయపడితివా నాయనా?” అని అడిగితిమి. అతడు మా వంక చూచి, “భయమేంది అయ్యవారూ! మా చేన్లో రాగి తినిపోయేది ఇట్లాంటివే కదా. దీన్ని చూసేదానికి దుడ్డు ఇచ్చి ఇంత దూరం రావల్లా?” అనెను.

పిల్లలు పకపక నవ్విరి. మేమును నవ్వితిమి. తిరుగు ప్రయాణమున ఆ బాలుని ప్రక్కన కూర్చుండి మెల్లగా మాట కలిపితిమి. వానిది శానమావు అడవికి చేరువనున్న ఒక పల్లె. తండ్రికి ఉన్నది రెండెకరముల రాగిచేను. కార్తికమునుండి కుప్ప నూర్చువరకు ఆయన రాత్రులన్నియు మంచెమీదనే గడపును. నడిరేయి దాటిన తరువాత తండ్రి కునుకు తీయుటకై కుమారుడు మంచె ఎక్కును. తెల్లవారిన పిమ్మట ఇంటికి వచ్చి, ముఖము కడుగుకొని, సంగటి తిని పాఠశాలకు నడచును. ప్రార్థన ముగిసిన తరువాత వచ్చెనని మార్గశిర మాసమంతయు ఆ బాలుని వాకిట నిలబెట్టినవారము మేమే. ఆలస్యమేల అని ఒక్కనాడైనను అడిగినవారము కాము. ఈ మాట ఈ సభలో చెప్పుకొనుట మాకు సిగ్గుగానే యున్నది. అయినను చెప్పక తప్పదు.

సఫారీ అను మాట తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషది. ప్రయాణమని దాని అర్థము. అరబ్బీ సఫర్ అను మాటనుండి అది పుట్టినది. మన పట్టణములలో ఉర్దూ మాటలాడువారు నేటికిని ప్రయాణమును సఫర్ అనుచున్నారు. తెల్లదొరలు ఆఫ్రికాలో వేటకు పోవుటకు ఈ పేరు పెట్టిరి. కాలము మారినది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, కెన్యా దేశమున 1977 నాటి నిషేధమును వేటను ఆపినవి. తుపాకి పోయి దాని స్థానమున ఛాయాగ్రహణ యంత్రము వచ్చినది. ఇది మంచి మార్పే. అయినను ఒక్క విషయము మారలేదు. బండి ఎక్కి చూచువాడు చూచి పోవును. అడవి అంచున కాపురముండువాడు అక్కడనే ఉండును. చూచినందువలని ఆనందము ఒకరిది, దానికి చెల్లించు మూల్యము వేరొకరిది. మన బాలుడు బండిలో అడిగిన ప్రశ్నకు సారాంశము ఇదియే అని మాకు తోచినది.

మన కృష్ణగిరి జిల్లాలో జాతీయోద్యానమని పేరుపడినది లేకపోవచ్చును. కాని అడవికి కొదువ లేదు. 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యము 504 చదరపు కిలోమీటర్ల మేర ఏర్పడినది. 2022 నవంబరులో కావేరి దక్షిణ అభయారణ్యము 686 చదరపు కిలోమీటర్ల మేర ఏర్పడినది. అంచెట్టి, ఊరిగము, జవళగిరి అడవులు ఇందు చేరినవి. ఈ రెండును మన జిల్లాయందును, ధర్మపురి జిల్లాయందును వ్యాపించియున్నవి. కావేరికి ఆవలి గట్టున కర్ణాటకవారు 1987లోనే తమ కావేరి అభయారణ్యమును ఏర్పరచుకొనిరి. ఈ విధముగా ఉత్తరమున బన్నేరుఘట్ట మొదలుకొని దక్షిణమున కావేరీతీరమువరకు అడవి తెగకుండ నిలిచియున్నది. ఏనుగులు, చిఱుతపులులు, నాలుగు కొమ్ముల జింకలు, బూడిదవన్నె పెద్ద ఉడుతలు, ఏటిలో మొసళ్ళు, నీటికుక్కలు ఇందు నివసించుచున్నవి. ఇంతటి సంపద మన గడపకు ఎదుట ఉండగా, దానిని ఒక్కనాడును చూపక, పరస్థలమున టిక్కెట్టు కొని చూపితిమి గదా అని ఇప్పుడు చింతించుచున్నాము.

ఇక ఏనుగుల నడకను గూర్చి కొంచెము చెప్పెదము. ప్రతి సంవత్సరము వానలు తగ్గి రాగి వెన్నులు పాలుపట్టు వేళకు, అనగా అక్టోబరు నవంబరు మాసములలో, బన్నేరుఘట్ట అడవినుండి ఏనుగుల గుంపులు దక్షిణముగా కదలును. తళి, జవళగిరి, డెంకణికోట అడవులగుండ నడచి కొన్ని శానమావు చేరును. అక్కడనుండి కొన్ని పెద్ద రహదారిని దాటి శూళగిరి దిక్కునకు పోవును. నేడు ఆ రహదారిపై రాత్రింబవళ్ళు లారీలు పరుగెత్తుచున్నవి. మన హోసూరు పెద్ద పారిశ్రామిక నగరమైనది. పూర్వము మేత మేసిన బయళ్ళలో కర్మాగారములును, గులాబి తోటలును, ఇండ్ల స్థలములును వెలసినవి. గుంపును నడిపించునది వయసు మీరిన ఆడ ఏనుగు. తల్లి చూపిన దారి అది మరువదు. మనము దారి మూసివైచితిమి. అది పాతదారినే వెదకుకొనుచు వచ్చుచున్నది.

మరి అడవిలో మేత ఉండగా రాగిచేనే ఏల? బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రామన్ సుకుమార్ గారు 1980 దశకమున ఈ ప్రశ్ననే పట్టుకొని, మనకు పడమరనున్న కొండలలో ఏనుగుల వెంట తిరిగి పరిశోధించిరి. అడవిగడ్డికంటె రాగియందు మాంసకృత్తులును, సున్నపు ధాతువును, ఉప్పును హెచ్చుగా ఉండుననియు, చేలపై బడుటలో ఆడ ఏనుగులకంటె పెద్ద మగ ఏనుగులే ముందుండుననియు వారు తేల్చిరి. ఒక పెద్ద ఏనుగు దినమునకు నూఱు, నూటయేబది కిలోల మేత మేయును. అడవియంతయు తిరిగి సంపాదింపవలసిన బలము ఒక చేనిలో దొరకునప్పుడు అది వచ్చుటలో వింత ఏమి? మన పెద్దలు బిడ్డకు బలము రావలెనని రాగిజావ పోసిరి. ఏనుగుకును ఆ సంగతి తెలిసినది.

రైతు ఏమి చేయగలడు? మంచె వేయును, తప్పెట కొట్టును, టపాకాయలు కాల్చును, దివిటీ పట్టును. అటవీశాఖవారు కందకములు త్రవ్విరి, సౌరశక్తి కంచెలు కట్టిరి, కొన్ని చోట్ల ఉక్కుత్రాళ్ళ కంచెలు వేసిరి. వీనివలన కొంత మేలు జరిగినది. కాని ఓపిక నశించిన చోట కొందరు దొంగతనముగా కరెంటు తీగ పరచుచున్నారు. 2023 మార్చిలో ధర్మపురి జిల్లాలో మారండహళ్ళి దగ్గర అట్టి తీగ తగిలి మూడు ఏనుగులు ప్రాణములు విడిచినవి. వాని వెంటనున్న రెండు గున్నలు మాత్రము మిగిలినవి. బాలబాలికలారా! ఇది ఘోరమైన పాపము, నేరము కూడ. ఆ తీగకు మనిషియు చచ్చును, పశువును చచ్చును. అయితే అంతటి తెగింపునకు మనిషిని నెట్టిన రాత్రులు ఎన్ని గడచెనో కూడ తెలిసికొనవలెను. ఏనుగు చావునకు ఏడ్చి, రైతు నిద్రను తలపని దయ సగము దయ మాత్రమే.

ఇచ్చట మన భాషకు సంబంధించిన ముచ్చట ఒకటి కలదు. 1956లో భాషలను బట్టి రాష్ట్రములను ఏర్పరచినప్పుడు మన ప్రాంతము మద్రాసు రాష్ట్రమున నిలిచినది. ఆ సరిహద్దు గీతను మనము నిత్యము తలచుకొనుచుందుము. ఏనుగులకు ఆ గీత తెలియదు. 1980 దశకపు నడుమ మన హోసూరు, ధర్మపురి అడవులనుండి కొన్ని ఏనుగులు తూర్పునకు నడచి చిత్తూరు జిల్లా కుప్పము, పలమనేరు ప్రాంతములకు చేరినవి. అనేక తరములుగా అడవి ఏనుగును ఎఱుగని ఆ పల్లెలు ఆశ్చర్యపడినవి, పిమ్మట అవస్థపడినవి. వాని కొఱకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1990లో కౌండిన్య అభయారణ్యమును ఏర్పరచినది. 2025 మే మాసమున కర్ణాటక ప్రభుత్వము పంటచేల నుండి అడవి ఏనుగులను మళ్ళించుటకు తర్ఫీదు పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించినది. పలమనేరు చెంత ముసలిమడుగులో వానికి శిబిరము ఏర్పడినది. మూడు రాష్ట్రములవారు కలిసి ఆలోచించిననే గాని తీరని సమస్య ఇది. పలమనేరు రైతును, శానమావు రైతును ఒకరినొకరు ఎఱుగరు. కాని మంచె దిగి ఇంటికి వచ్చి, “రేయి ఏనుగు వచ్చె” అని భార్యతో చెప్పు మాట ఇద్దరిదియు ఒక్కటే, తెలుగే.

అడవికిని మనకును గల చుట్టరికము నేటిది కాదు. మన హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరస్వామి స్థలపురాణము మీరు వినియే యుందురు. స్వామి ఉడుము రూపమున పార్వతీదేవికి కనబడెననియు, దానిని పట్టబోయిన దేవి మరకతవర్ణము దాల్చెననియు పెద్దలు చెప్పుదురు. ఉడుమును దేవుడుగా చూచిన ఊరు మనది. ఈ జిల్లాలో పల్లె పల్లెకు వీరగల్లులు కలవు. పులితో పోరాడి ఊరి పశువులను కాపాడి మడిసినవానికి నిలిపిన శిలలును వానిలో ఉన్నవి. మల్లచంద్రము కొండపై బండలతో కట్టిన రాక్షసగుళ్ళు నేటికిని నిలిచియున్నవి. వీనికి టిక్కెట్టు లేదు. వీనిని చూపుటకు మార్గదర్శియు లేడు. మన పిల్లలలో ఎందరు వీనిని చూచిరి?

కెన్నెత్ ఆండర్సన్ అను బెంగుళూరు దొర జవళగిరి, అంచెట్టి అడవులలో వేటాడి, ఆ కథలను ఇంగ్లీషున వ్రాసెను. ఆయన మొదటి పుస్తకము 1954లో వెలువడినది. జవళగిరి పేరు ఆ విధముగా దేశదేశములకు ప్రాకినది. ఆయన ప్రతిభను మేము తక్కువ చేయము. కాని పులి జాడ తెలిసినవారు, చెట్టుపై మంచె కట్టినవారు, ఏ మడుగునకు ఏ వేళ జంతువు వచ్చునో చెప్పినవారు మన పల్లెలవారు, ఇరుళవారు, పశువులకాపరులు. వారు ఆ కథలను తెలుగున, కన్నడమున, తమిళమున, ఇరుళ భాషలో తమ వాకిళ్ళలో చెప్పుకొనిరి. ఎవరును వ్రాసికొనలేదు. చెప్పినవారు పోయిరి, వారితో కథలును పోయినవి.

కథలే కాదు, పేర్లును పోవుచున్నవి. ఇటీవల ఎనిమిదవ తరగతిలో మేము అలుగు అనగా ఏమి అని అడిగితిమి. చెఱువు అలుగు అని ఒక బాలిక చెప్పినది, అది సరియే. కాని ఒంటినిండ పెంకులు గలిగి చీమల పుట్టలను త్రవ్వి తిను జంతువు పేరును అలుగే అని ఎవరికిని తెలియలేదు. కణితి, రేచుకుక్క, ఏదుపంది, పునుగుపిల్లి, చిల్లచెట్టు, ఏరుమద్ది, ఇవి మన తాతల నోట నిత్యము మెలగిన మాటలు. చిల్లగింజను అరగదీసి కలిపినచో కలకనీరు తేటపడునని ఆనాటి గృహిణులందరికి తెలియును. మాట పోయినచో దాని వెంటనున్న ఈ తెలివియు పోవును. ఈ మాటలు మనల నొంటరివారిని చేయునవి కావు. మన ఉడుము తమిళమున ఉడుంబు, కన్నడమున ఉడ. మన ఏనుగు తమిళమున యానై, కన్నడమున ఆనె. అడవి పేర్లు నేర్చుకొన్న తెలుగు బిడ్డ పొరుగువాని భాషలోనికి సగము దారి నడచినట్లే.

ఇంతవఱకు చెప్పినది విని, విహారయాత్రలు మానుకొనుడని మేము చెప్పుచున్నామని తలపకుడు. చూడనిదానిపై ప్రేమ కలుగదు. చూచుటకు పద్ధతి కావలెను. ఆఫ్రికాలో నమీబియా దేశమువారు 1996లో ఒక చట్టము చేసి, అడవి అంచున నివసించు ప్రజలు సంఘములుగా ఏర్పడి వన్యమృగములను కాపాడుటకును, చూడ వచ్చువారివలని రాబడిని తామే అనుభవించుటకును అవకాశము కల్పించిరి. చూచువాడు ఇచ్చు రూకలలో కొంతయైనను కాపలా కాయువాని చేతికి చేరవలెనను న్యాయము అందున్నది. మనము చట్టములు చేయలేము గాని, మన చేతిలోని చిన్న పనులు కొన్ని కలవు. సంఘమువారి యెదుట మూడు విన్నపములు పెట్టుచున్నాము.

మొదటిది. రాబోవు యాత్ర దూరదేశమునకు గాక మన అడవికే కావలెను. అటవీశాఖవారి అనుమతి పొంది, వారి సిబ్బంది వెంట రాగా, పగటివేళ అయ్యూరు అడవికి పోవుదము. దారి చూపుటకు ఆ చుట్టుపట్ల పల్లెవారినే పిలిచి, వారికి తగిన కూలి ఇత్తము. మధ్యాహ్న భోజనము వారి చేతి రాగిసంగటియే కావలెను. కోతులకు తిండి వేయరాదు, కాగితమైనను పారవేయరాదు, కేకలు వేయరాదు. ఏనుగు కనబడినచో దానితో ఫోటో తీయించుకొనవలెనని దగ్గరకు పోవుట ప్రాణముమీదికి తెచ్చుకొనుటయే అని గుర్తుంచుకొనవలెను. జంతువు కనబడకపోయినను నిరాశ పడరాదు. అడవి మన కొఱకు వేషము కట్టి నిలుచునది కాదు.

రెండవది. ప్రతి తరగతియు ఒక అడవి పుస్తకము పెట్టవలెను. చెట్టు, పిట్ట, మృగము, వాగు, దిన్నె, దేనికైనను మన ఊరివారు పెట్టిన పేరు ఒక గడిలో తెలుగున, ప్రక్కన తమిళమున, కన్నడమున, దొరికినచో ఇరుళ మాటలో వ్రాయవలెను. చెప్పినవారి ఊరును, వారు చెప్పిన కథయు క్రింద చేర్చవలెను. మంచి పుటలను ఏటేట ఈ సంచికలోనే ముద్రింపవచ్చును.

మూడవది మాకు మిక్కిలి ముఖ్యము. రాగి కాపలా కాలమున అడవి అంచు పల్లెలనుండి వచ్చు పిల్లలు ఆలస్యమైనచో వారిని నిలబెట్టరాదు. లోపలికి పిలిచి కూర్చుండబెట్టవలెను. తప్పిన పాఠము సాయంకాలము చెప్పవలెను. పంట పాడైన రైతునకు అటవీశాఖ పరిహారము ఇచ్చును. కాని దరఖాస్తు వ్రాయుట రాని తండ్రులు మనలో ఎందరో ఉన్నారు. మన పై తరగతుల పిల్లలు తెలుగుతో పాటు తమిళమును చక్కగా వ్రాయగలరు. నెలకొక ఆదివారము ఉపాధ్యాయులలో ఒకరు తోడుగా ఉండి, ఆ దరఖాస్తులను ఈ పిల్లలచేత వ్రాయించినచో, రెండు భాషలు నేర్చిన విద్యకు ఇంతకంటె మంచి ప్రయోజనము ఉండబోదు.

ఈ ప్రసంగము వ్రాసికొనుటకు ముందు ఒక ఆదివారము మేము ఆ బాలుని పల్లెకు పోయితిమి. తండ్రి మమ్ములను మంచె దగ్గరకు తీసికొనిపోయి, చేను నడుమ ఏనుగు నడచిన దారిని చూపెను. నాలుగవవంతు పంట నేలపాలైనది. “మీకు కోపము రాదా?” అని అడిగితిమి. “కోపం ఎవరిమీద అయ్యవారూ? అది కడుపుకోసరం వస్తుంది, మేమూ కడుపుకోసరమే కాస్తాము. మా పిల్లోనికి మాత్రం రేయి నిద్ర ఉండేటట్లు ఏమన్నా చేయండి, సదువు పోతా ఉంది” అని ఆయన చేతులు జోడించెను. ఆ చేతులకు మేము చెప్పగలిగిన బదులు ఆనాడు లేకపోయెను. నేడు ఈ మూడు విన్నపములను మీ యెదుట పెట్టితిమి. మొదటి రెండును నెమ్మదిగా జరిగినను జరుగును. మూడవదానిని మాత్రము రాబోవు కార్తికమునకు ముందే అంగీకరింపవలెనని అధ్యక్షులవారిని వేడుకొనుచున్నాము.

ఆ బాలుడు ఈ సభలోనే వెనుక వరుసలో కూర్చుండియున్నాడు. వాని పేరు చెప్పి వానిని సిగ్గుపడజేయము. నాయనా! వాకిట నిలబెట్టినందుకు మమ్ము క్షమింపుము. రేపటినుండి నీవు ఎప్పుడు వచ్చినను తరగతి తలుపు తెరచియే యుండును.

పిల్లలందరికిని విద్యాభివృద్ధియు, పల్లెలకు పాడిపంటలును, అడవికి నిండు నీరును కలుగుగాక. సెలవు.